‘చాలా బాగుంది’ అనే ద్రోహం

మన సాహిత్య మిత్రుల గోడల మీద ఒక రకం వ్యాసం నెలకోసారైనా కనిపిస్తుంది. సోషల్ మీడియా వచ్చి స్నేహాలు చచ్చిపోయాయని, పూర్వం అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళమని, ఇప్పుడు అందరి తలలూ ఫోన్లలోకి వంగిపోయాయని. ఈ వ్యాసం ఫేస్‌బుక్‌లోనే వస్తుంది. కింద నూటెనభై మంది ‘అక్షర సత్యం సార్’ అని రాస్తారు. ఆ నూటెనభై మందిలో రచయితకి జ్వరమొస్తే తలుపు తట్టేవాళ్ళు ఎందరని నేను అడగబోవడం లేదు. అది మరీ తేలికైన ఎగతాళి. నా గొడవ వేరు. ఆ వ్యాసం నేరం ఒకరు చేస్తే ఇంకొకరి మీద కేసు పెడుతోంది.

నా స్నేహాన్ని ఫోన్ చంపలేదు. ఫోన్ వల్లే అది దొరికింది. దాన్ని చంపినంత పని చేసింది నేను, అదీ నాలుగు మంచి మాటలతో.

2014లో త్రిపుర ‘భగవంతం కోసం’ మీద ఎవరో పోస్ట్ పెడితే, అర్థం కాకపోవడాన్నే గొప్పతనంగా చెలామణీ చేస్తున్నారని కింద ఓ కామెంట్ పడేశాను. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాడికి ఉండే పొగరు. ముక్కూమొహం తెలియని ఒకతను రాత్రి ఒంటిగంట దాకా నాతో వాదించాడు. చివరికి, ‘‘కథ ఇంకోసారి చదివి ఆదివారం లామకాన్‌కి రండి, మిగతాది అక్కడ తిడతాను’’ అన్నాడు. వెళ్ళాను. తిట్టాడు. టీ, సమోసాల డబ్బులు కూడా నాచేతే ఇప్పించాడు. ‘మీరు’ నుంచి ‘ఏరా’కి రావడానికి ఆర్నెల్లు పట్టింది. నేను మొదటిసారి ఒక సమీక్ష రాసి గర్వంగా చూపిస్తే పూర్తిగా చదివి, ‘‘ఇది నువ్వు రాయలేదురా, నువ్వు చదివిన ఇంగ్లీషు వ్యాసాలు రాశాయి’’ అన్నాడు. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత దాన్ని చించి మళ్ళీ రాశాను.

2018లో కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ ఒక పరిశోధన అచ్చువేశాడు. పరిచయం ఓ మాదిరి స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలట. స్నేహం అనదగ్గదవడానికి 90 గంటలు. ప్రాణ స్నేహితులు అవాలంటే 200 పైనే. ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలకి అంత విలువ లేదని కూడా తేలింది. నేను ఇంజనీర్ని కాబట్టి లెక్క వెయ్యకుండా ఉండలేను. ఆదివారానికి మూడు గంటల చొప్పున 200 గంటలంటే 67 ఆదివారాలు, ఏడాదీ పావు. ఫేస్‌బుక్ ఒక మనిషికి 5000 మంది ఫ్రెండ్స్‌ని అనుమతిస్తుంది. అందరికీ తలా 200 గంటలు ఇస్తే పది లక్షల గంటలు. నిద్రాహారాలు మానేసి కూర్చున్నా 114 ఏళ్ళు.

అయితే గంటలు పోసినంత మాత్రాన అయిపోదు. ఆ గంటల్లో ఏం మాట్లాడుకున్నాం అన్నది ఉంది. మన తెలుగు సాహిత్య లోకంలో స్నేహితుడంటే ఎవరు? పుస్తకం వస్తే కవర్ పేజీ షేర్ చేసేవాడు. ఆవిష్కరణ సభకి వచ్చి వెనక వరసలో ఫోటో తీసేవాడు. పుస్తకం తెరవకముందే ‘తప్పక చదవాల్సిన పుస్తకం’ అని రాసేవాడు. వచ్చే ఏడు అతని పుస్తకం వస్తుంది, ఇదంతా వడ్డీతో తిరిగి ఇచ్చెయ్యాలి. మా ఊళ్ళో పెళ్ళి చదివింపులకి పద్దు పుస్తకం ఉంటుంది, ఎవరు ఎంత చదివించారో రాసుకుని వాళ్ళింట్లో పెళ్ళికి అంతే చదివిస్తారు. దాన్ని ఎవరూ స్నేహం అనరు. అచ్చమైన బాకీ, అందులో దాపరికం లేదు. మనం మాత్రం అదే పద్దుకి ‘సాహితీ మిత్రులు’ అని పేరు పెట్టాం.

దీనికి బోర్లేసిన రూపం ఇంకోటుంది, మౌనం. మన ముఠా కాని వాడి పుస్తకం బాగున్నా నోరు మెదపకపోవడం. దాని గురించి ఎక్కువ చెప్పను, ఇది చదువుతున్న ప్రతివాళ్ళకీ కనీసం ఒక పేరు గుర్తొచ్చే ఉంటుంది.

మా ఆఫీసుల్లో కోడ్ రివ్యూ అని ఒక ఆచారం. నేను రాసిన ప్రోగ్రాం ప్రొడక్షన్‌లోకి వెళ్ళేముందు ఇంకొకరు వరస వరసా చదవాలి. శ్రద్ధ ఉన్నవాళ్ళు నలభై కామెంట్లు పెడతారు. ఇక్కడ పేరు తప్పు, ఇక్కడ లూప్ ఆగదు, ఇది అసలెందుకు రాశావ్. శ్రద్ధ లేనివాళ్ళు ‘ఎల్‌జీటీఎం’ అని నాలుగక్షరాలు కొడతారు. లుక్స్ గుడ్ టు మీ, నాకు బాగానే కనిపిస్తోంది. ఆ నాలుగక్షరాలకి అర్థం ‘నేను చదవలేదు’ అని మా ఫ్లోర్‌లో అందరికీ తెలుసు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి కూర్చోవాల్సింది రాసినవాడే. నలభై కామెంట్లు పెట్టినవాడి మీద ఆరోజు చిరాకు పడతాం, ఉద్యోగం మారినా ఫోన్ చేసేది మాత్రం అతనికే. జీతం కోసం రాసే కోడ్‌కి ఇచ్చే మర్యాద, ప్రాణం పెట్టి రాశామని చెప్పుకునే కథలకి ఇవ్వం.

ఈ మాట అంటే వెంటనే ‘‘శ్రీశ్రీకి చలం యోగ్యతాపత్రం రాయలేదా? అదీ పొగడ్తే కదా’’ అంటారు. రాశాడు. 1940లో రాశాడు. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. అచ్చవ్వడానికి ఇంకా పదేళ్ళున్న కవిత్వం వెనక తన పేరు పెట్టి నిలబడ్డాడు చలం. సాహిత్య పెద్దల దగ్గర తనకే మర్యాద లేని రోజుల్లో. అతని పొగడ్తకి పూచీ ఉంది. ‘ఇదిగో, ఇది తప్పయితే నన్ను తిట్టండి’ అనే పూచీ. మన పొగడ్తలో ఆ పూచీ ఎక్కడుంది? రేపు ఎవరైనా ‘ఈ పుస్తకం నిజంగా అంత గొప్పదా?’ అని నిలదీస్తే, ‘ఏదో ఫ్రెండ్ కదా అని’ అంటాం. ఫ్రెండ్ కదా అని! ఆ మాటలో ఎవరికి అవమానం జరుగుతోందో ఆలోచించం.

ఒక అభ్యంతరం మాత్రం నేను తోసెయ్యలేను. కొత్తగా రాస్తున్న ఒకమ్మాయి నాతో అంది: ‘‘మీకు విమర్శ అంటే కథ మీద వస్తుంది. మాకు ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది, కథ గురించి మొదలై ఇంకెక్కడికో పోతుంది. నాకు ‘బాగుంది’ అన్నవాళ్ళే నయం.’’ నిజమే. ముక్కుసూటితనం పేరుతో మనవాళ్ళు చేసే రౌడీయిజం చాలా ఉంది. నేను అడుగుతున్నది పదిమందిలో ఉతికి ఆరెయ్యమని కాదు. పబ్లిక్‌గా ఏమీ రాయకపోయినా సరే, స్నేహితుడికి ఫోన్ చేసి నిజం చెప్పమని. చదివాకే చెప్పమని.

నేను చెప్పలేదు. 2021లో అతని కథల పుస్తకం వచ్చింది. పధ్నాలుగు కథలు. మియాపూర్ మెట్రోలో నిలబడి చదివాను. మూడు కథలు చాలా బాగున్నాయి, అవి నేనెప్పటికీ రాయలేను. మిగతావి తొందరలో రాసినవి, రెండైతే సగంలో వదిలేసినవి. ఇంటికొచ్చి పోస్ట్ పెట్టాను. ‘ఒక్క కథ కూడా తీసెయ్యలేం.’ రెండొందల పైచిలుకు లైకులు. అతనూ ఒక ఎర్ర గుండె పెట్టాడు. రాత్రి పదింటికి ఫోన్.

‘‘ఏ కథ బాగా నచ్చిందిరా?’’

‘‘అన్నీ బాగున్నాయిరా.’’

కాసేపు ఏమీ అనలేదు. ‘‘సరే, పడుకో’’ అన్నాడు.

గొడవేమీ జరగలేదు. ఆ తర్వాత ఆదివారాలు పలచబడ్డాయి, అంతే. ఒకసారి వాళ్ళ అబ్బాయికి పరీక్షలు, ఒకసారి నాకు రిలీజు. ఏడాదిన్నర తర్వాత బుక్ ఫెయిర్‌లో ఎదురుపడితే, జనంలో నలుగుతూనే అన్నాడు: ‘‘మూడు కథలే బాగున్నాయని నాకూ తెలుసురా. నీకు తెలుసో లేదో చూద్దామని ఫోన్ చేశా. తెలిసి కూడా చెప్పలేదు చూడు, అప్పుడు ఒంటరివాణ్ణయిపోయాననిపించింది.’’

ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తీశాను. పెన్సిల్ పట్టుకుని చదవడానికి మూడు వారాలు పట్టింది. పధ్నాలుగు కథలకీ విడివిడిగా నోట్స్ రాసి మెయిల్ చేశాను. ఏడో కథలో చివరి పేజీ మొత్తం అనవసరమని, తల్లి పాత్ర రచయిత మాటలే మాట్లాడుతోందని కాస్త కటువుగానే రాశాను. తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు రెండు లైన్లు వచ్చాయి.

‘‘పదకొండింటికి ఒప్పుకుంటా. ఏడో కథ మాత్రం నీకు అర్థం కాలేదు, ఆదివారం రా.’’

వెళ్ళాను. మూడు గంటలు వాదించాడు. నాకిప్పటికీ ఆ చివరి పేజీ అనవసరమనే అనిపిస్తోంది.