జామ మొక్క కొనే ముందు వేరు చూడండి

తెలుగు నేల మీద జామకు పేరుపడిన ఊళ్లలో సంగారెడ్డి జిల్లా కోహీర్ ఒకటి. ఆ ఊరి రకాన్ని అలహాబాద్ సఫేదాతో సంకరం చేసి సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అనే రెండు హైబ్రిడ్లను ఇచ్చింది. జామ నేరేడు, లవంగాల కుటుంబంలోని గుబురు మొక్క. అమెరికా ఉష్ణమండలంలో పుట్టి, పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చి, పెరటి చెట్టయి కూర్చుంది. సి విటమిన్‌లో నారింజ దీని దరిదాపులకు రాదు.

జామ రైతుకు ఒక గొప్ప వెసులుబాటుంది. పూత ఎప్పుడు రావాలో చాలావరకు అతని చేతిలోనే ఉంటుంది. కొమ్మ కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది, ఆ చిగురులోనే ఆకు మొదట్లో మొగ్గ కడుతుంది. వానాకాలపు కాయ చప్పబడుతుంది, పండు ఈగ పుచ్చు పట్టిస్తుంది. అందుకే మే నెలలో కొమ్మలు కత్తిరించి, ఆ కాపును వదులుకుని, చలికాలంలో తియ్యటి కాయ కోసుకునే పద్ధతి వచ్చింది. చెట్టును కత్తెరతో పొట్టిగా ఉంచవచ్చు కాబట్టి దగ్గర దగ్గరగా నాటడమూ మొదలైంది. పాత లెక్కన ఆరు మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 110 మొక్కలు పట్టేవి. లక్నోలోని కేంద్ర ఉద్యాన పరిశోధన సంస్థ ప్రచారం చేసిన సాంద్ర పద్ధతిలో, రెండు మీటర్ల వరుసల్లో మీటరుకొకటి చొప్పున నాటితే రెండు వేలు పడతాయి.

అంటే ఒకప్పుడు పద్దెనిమిది ఎకరాలకు సరిపోయే మొక్కలు ఇప్పుడు ఒక్క ఎకరానికి కావాలి. ఇన్ని మొక్కలు ఊళ్లో దొరకవు. తైవాన్ జామ అనో, మరో కొత్త రకం అనో ఎక్కడెక్కడి నర్సరీల నుంచో లారీలకెత్తించుకుని తెచ్చుకుంటున్నారు. రకం అడుగుతారు, ధర అడుగుతారు, మొదటి కాపు ఎప్పుడొస్తుందో అడుగుతారు. సంచిలో మట్టి ఎలా ఉందో మాత్రం ఎవరూ అడగరు. ప్రమాదమంతా ఆ మట్టిలోనే ఉంది.

వేరుబుడిపె నులిపురుగుల్లో మెలాయిడోగైన్ ఎంటరోలోబీ అనే జాతి జామకు గండంగా మారింది. దీన్ని 1983లో చైనాలోని హైనాన్ దీవిలో గుర్తించారు. 2001లో బ్రెజిల్ జామ తోటల్లో కనిపించాక అక్కడ వేల హెక్టార్ల తోటలు దెబ్బతిన్నాయి. 2016లో తమిళనాడు జామ తోటల్లో ఉన్నట్టు వెల్లడైంది. ఆ తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ బయటపడింది. పురుగు కంటికి కనిపించదు. తనంతట తాను ఏడాదికి మీటరు దూరం కూడా సరిగ్గా పాకలేని ప్రాణి రాష్ట్రాలు దాటిందంటే, మొక్కల సంచుల్లో ఎక్కి ప్రయాణం చేయబట్టే.

ఇది సోకిన చెట్టు ఆకులు మొదట పసుపుపచ్చగా, తర్వాత రాగిరంగులోకి మారతాయి. అంచులు మాడతాయి, కాయ చిన్నబడుతుంది. రైతు దాన్ని పోషకాల లోపం అనుకుని జింకు కొడతాడు, బోరాన్ కొడతాడు. ఈలోగా దెబ్బతిన్న వేళ్లలోకి ఫ్యుజేరియం శిలీంధ్రం చేరుతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. మూడేళ్లు పెంచిన తోట అలా కళ్లముందే పోతుంటే, ఎరువులు సరిగా వేయలేదని రైతునే తప్పుపట్టడం అన్యాయం.

నర్సరీల నమోదుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లోనే చట్టం వచ్చింది. రికార్డుల్లో రకం పేరు ఉంటే చాలదు. జామ మొక్కల ప్రతి లాటు నుంచి కొన్ని వేళ్లు ప్రయోగశాలలో పరీక్షించి, నులిపురుగు లేదని కాగితం ఇచ్చాకే అమ్మనివ్వాలి. సంచుల్లో నింపే మట్టిని వేసవిలో పాలిథిన్ షీటు కప్పి ఎండకు కాగనివ్వడం పెద్ద ఖర్చు పనేం కాదు. రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు వెంటనే పూనుకోవలసిన పని ఇది. తోట ఎండాక ఇచ్చే పరిహారం కంటే ఈ పరీక్ష చాలా చవక.

రైతు కూడా చేయగలిగింది ఉంది. లారీ లోడు దించుకునే ముందు పది సంచులు కోసి, వేళ్లను బకెట్ నీళ్లలో కడిగి చూడాలి. వేరుశనగ వేరు మీద మేలు చేసే బుడిపెలు గోటితో గిల్లితే ఊడి వస్తాయి. నులిపురుగు బుడిపె అలా ఊడదు, వేరే ఉబ్బి ముడులు పడి ఉంటుంది. తోట లేతగా ఉందని వరుసల మధ్య టమాటా, వంగ, మిరప వేయకండి, ఈ పురుగు వాటి మీదా బతుకుతుంది. బంతి వేసుకోవచ్చు. పాదుల్లో పశువుల ఎరువు, వేపపిండితో పాటు జీవ నియంత్రణ శిలీంధ్రాలు వేస్తే ఉధృతి తగ్గుతుంది.

తగ్గుతుందే గానీ పోదు. కోసి చూసిన పది సంచుల్లో ఒక్కదానిలో ముడులు కనిపించినా లోడు మొత్తం వెనక్కి పంపండి. నేలలో చేరిన ఈ నులిపురుగును పూర్తిగా వదిలించే మందు ఇంతవరకు లేదు.