బ్రెజిల్ పల్లెపాట ఎవరి పక్షం?

2020 ఏప్రిల్‌లో, కొవిడ్ భయంతో బ్రెజిల్ తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో, మరీలియా మెండోన్సా అనే ఇరవై నాలుగేళ్ల గాయని ఇంట్లోంచే యూట్యూబ్‌లో కచేరీ చేసింది. ఒకే సమయంలో 33 లక్షల మందికి పైగా చూశారు. అప్పటిదాకా యూట్యూబ్‌లో ఏ దేశపు సంగీతకారుడి ప్రత్యక్ష ప్రసారానికీ అంతమంది ఒకేసారి రాలేదు. ఆమె పాడింది సాంబా కాదు, బోసానోవా కాదు. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోని సెర్తనేజో. అంటే బ్రెజిల్ పల్లెపాట.

బ్రెజిల్ పేరెత్తగానే మనకు గుర్తొచ్చేవి రియో కార్నివాల్, ఫుట్‌బాల్. ఆ దేశంలో ఎక్కువమంది వినేది మాత్రం సముద్రతీరపు రియో సంగీతం కాదు. సావో పౌలో, మినాస్ జెరాయిస్, పరానా, గొయాస్, మాటో గ్రోసో రాష్ట్రాల లోపలి పొలాల నుంచి వచ్చిన ఈ పాటలనే రేడియోలో, ఫోన్లలో, సంతల్లో, పెళ్లిళ్లలో వింటారు. ఇంత ఆదరణ ఉన్నా అక్కడి పత్రికల్లో, విశ్వవిద్యాలయాల్లో యాభై ఏళ్లుగా ఒకటే ఫిర్యాదు: ‘ఇది అసలు పల్లెపాట కాదు, వ్యాపారం దాన్ని చెడగొట్టింది’ అని. వియోలా అనే పాత తీగ వాయిద్యం పోయి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిందనీ, ఎద్దుల బండి పోయి పికప్ ట్రక్కు వచ్చిందనీ వారి బాధ. ఈ ఫిర్యాదు గురి తప్పిందని నా అభిప్రాయం. పాటలో నిజంగా మారి, పట్టించుకోవలసినది వేరే ఉంది.

ఆ ‘అసలు’ పాట ఎలా పుట్టిందో చూద్దాం. సావో పౌలో రాష్ట్రంలోని తియెతె అనే ఊరివాడు కోర్నేలియో పీరెస్. రచయిత, పాత్రికేయుడు, కథలు చెప్పి జనాన్ని నవ్వించే దిట్ట. పల్లె రైతుకూలీల పాటలను, వారి యాసను 1910 నుంచే సావో పౌలో నగర వేదికల మీదికి తెచ్చాడు. ఆ పాటలను రికార్డు చేయమని కొలంబియా కంపెనీని అడిగితే కొనేవాడు ఉండడని తోసిపుచ్చింది. 1929లో ఆయన సొంత డబ్బు కట్టి, పల్లె గాయకులను నగరానికి పిలిపించి, తన పేరుతోనే ఒక రికార్డుల వరుస తీయించాడు. ఆ రికార్డులను కార్లలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. జనం ఎగబడి కొన్నారు. కంపెనీ కళ్లు తెరిచింది. బ్రెజిల్ పల్లెపాట రికార్డెక్కిన తొలి రోజునే అందులో ఒక నగర పాత్రికేయుడి పెట్టుబడి ఉంది, అమ్మకం ఉంది. మార్కెట్ సోకని స్వచ్ఛమైన కాలమంటూ రికార్డుల చరిత్రలో ఎక్కడా దొరకదు.

వాయిద్యం సంగతీ అంతే. వియోలాకు పది తీగలు, రెండేసి చొప్పున ఐదు జతలు. అది పోర్చుగల్ నుంచి వలసదారుల ఓడల్లో వచ్చింది. దాన్ని మీటుతుంటే మగవాళ్లు ఎదురెదురుగా వరుసలు కట్టి చప్పట్లు కొడుతూ, కాళ్లతో నేలను దడదడలాడిస్తూ ఆడే కతీరాలో స్థానిక ఆదివాసుల అడుగులున్నాయంటారు. గిలకపాము తోక గిలకను వియోలా బుర్రలో పడేస్తే నాదం బాగుంటుందనీ, దిష్టి తగలదనీ వాద్యకారుల నమ్మకం. ఇద్దరు, తరచూ అన్నదమ్ములు, ఒకే పల్లవిని రెండు స్థాయిల్లో పక్కపక్కనే నడిపిస్తూ పాడటం ఈ పాటకు గుర్తు. 1940, 50లలో పక్కనున్న పరాగ్వే నుంచి గ్వరానియా బాణీ వచ్చింది, మెక్సికో నుంచి రాంచెరా బాణీ వచ్చింది. భార్యాభర్తలు కస్కతీన్యా, ఇన్యానా 1952లో పాడిన పరాగ్వే పాట ‘ఇండియా’ బ్రెజిల్ అంతటా మోగింది. మెక్సికన్ టోపీలు పెట్టుకుని పాడిన జంటలూ వచ్చాయి. ఈ సంగీతం ఎప్పుడూ ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకుంటూనే పెరిగింది. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ దగ్గరే గీత గీయడం దేనికి?

వాయిద్యాన్ని పక్కనపెట్టి, పాటలో ఎవరున్నారో చూడాలి. టోనికో–టినోకో అన్నదమ్ములు సావో పౌలో పొలాల్లో కూలి చేసినవాళ్లు. 1940లలో వాళ్లు ప్రసిద్ధం చేసిన ‘షీకో మినేయ్రో’లో ఇద్దరు గొడ్ల కాపరులు కలిసి మందలు తోలుతుంటారు. ఒక జాతరలో ఒకడిని ఎవరో కాల్చి చంపుతారు. చనిపోయినవాడి కాగితాలు చూసినప్పుడు రెండోవాడికి తెలుస్తుంది, వాడు తన తోడబుట్టినవాడేనని. మరో పాట ‘మెనీనో ద పొర్తేయ్రా’లో పశువుల దారిలో గేటు తీసిపెట్టే చిన్న పిల్లాడు ఉంటాడు. మందతో వెళ్లే కాపరి ఆ దారిన వచ్చినప్పుడల్లా వాడికో నాణెం విసురుతాడు, వాడు బూర ఊదమని అడుగుతాడు. ఒకరోజు గేటు దగ్గర పిల్లాడు ఉండడు. ఎద్దు కుమ్మి చంపింది. 1950లలో వచ్చిన ఈ పాటను 1973లో సెర్జియో రేయిస్ మళ్లీ పాడితే దేశమంతా కంటతడి పెట్టింది. ఈ పాటల్లో భూమి ఉన్నవాడు కనపడడు. మంద తనది కాదు, దారి తనది కాదు, గేటు తనది కాదు. తనవంటూ ఉన్నవి తోడు, బెంగ, ఆ రెండూ పోయినప్పుడు పాట.

ఆ మనిషిని చదువుకున్న బ్రెజిల్ ఎప్పుడూ చిన్నచూపే చూసింది. తనకూ ఒక పొలం ఉన్న రచయిత మొంతేయ్రో లొబాతో 1914లో ‘జేకా తతూ’ అనే పాత్రను సృష్టించాడు. గొంతుకు కూర్చుని రోజు గడిపే బద్ధకస్తుడు, అడవికి నిప్పు పెట్టే దరిద్రుడు ఆ జేకా. కొన్నేళ్లకు లొబాతోయే మాట మార్చుకుని, అది బద్ధకం కాదు, కొంకిపురుగుల జబ్బు అని ఒప్పుకున్నాడు. పేరు మాత్రం తిట్టుగా నిలిచిపోయింది.

తర్వాత ఆ జేకాలంతా నగరాలకు వచ్చిపడ్డారు. 1960 జనాభా లెక్కల నాటికి బ్రెజిల్‌లో పట్టణవాసులు నూటికి 45 మంది. 1970కి 56 మంది. కాఫీ తోటల యజమానులు, ఏళ్ల తరబడి తోటల్లోనే కాపురమున్న కుటుంబాలను వెళ్లగొట్టి రోజుకూలీలను పెట్టుకున్నారు. యంత్రాలొచ్చాయి. 1975 జులైలో పరానా రాష్ట్రంలో పడిన మంచు ఒక్క దెబ్బతో కాఫీ చెట్లను మాడ్చేసింది. పొట్ట చేతబట్టుకుని సావో పౌలో శివార్లకు చేరినవాళ్లు తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేముందు ట్రాన్సిస్టర్‌లో పల్లెపాటల కార్యక్రమం పెట్టుకునేవారు. పొద్దెక్కాక రేడియోల్లో వాళ్ల పాటకు చోటు లేదు. పేరున్న ఎఫ్‌ఎం స్టేషన్లయితే అసలే వేసేవి కావు.

ఆ తలుపు తెరుచుకున్నది 1982లో. ఉత్తర పరానాలోని అస్తోర్గా నుంచి వచ్చిన అన్నదమ్ములు షిటాన్జిన్యో–షొరొరో పాడిన ‘ఫియో దె కబేలో’ ఉన్న ఆల్బమ్ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వదిలివెళ్లిన ప్రియురాలి వెంట్రుక ఒకటి కోటుకు అంటుకుని కనిపించడమే పాటంతా. ఎద్దులు లేవు, గేటు లేదు. విమర్శకులు ముక్కు విరిచారు. నాకు మాత్రం అందులో ద్రోహమేమీ కనిపించదు. నగరంలో అద్దె గదిలో బతుకుతున్న రైతుకూలీ కొడుకు తాను చూడని మంద గురించి పాడితేనే అబద్ధమయ్యేది. గొయాస్‌లో టమాటా తోటల్లో పనిచేసిన లియాండ్రో–లియోనార్డో, కౌలురైతు పిల్లలైన జెజె ది కమార్గో–లూసియానో ఆ దారినే 1990ల బ్రెజిల్‌ను ఏలారు. జెజె తండ్రి ఫ్రాన్సిస్కో గొయానియాలో భవన నిర్మాణ కూలీ. కొడుకు పాట ‘ఎ ఓ అమోర్’ను 1991లో రేడియోవాళ్లు మళ్లీ మళ్లీ వేయాలని జీతం డబ్బులతో టెలిఫోన్ టోకెన్లు కొని, తోటి కూలీలకు పంచి, స్టేషన్‌కు ఫోన్లు చేయించాడు. 2005లో సినిమాగా వచ్చిన ఈ కథను 50 లక్షల మందికి పైగా థియేటర్లలో చూశారు. టోకెన్లు పంచిన ఆ చేతులు ఉన్నంతవరకు, హంగు ఎంత మారినా అది పల్లెపాటే.

2000ల మధ్యలో కాలేజీ కుర్రాళ్ల సెర్తనేజో వచ్చింది. అకార్డియన్, డ్యాన్సు, బీరు, శుక్రవారం రాత్రి. 2011లో మిషెల్ తెలో పాట ఒకటి ఫుట్‌బాల్ ఆటగాళ్ల గంతులతో ప్రపంచమంతా తిరిగింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మరీలియా గురించి మాత్రం చెప్పాలి. చిన్నవయసు నుంచే ఆమె మగ జంటలకు పాటలు రాసిచ్చింది. గొయానియాలో అప్పటికి ఇది ఒక పరిశ్రమ. పాటల రచయితలు నలుగురైదుగురు ఒక గదిలో కూర్చుని రోజుకు ఇన్ని పాటలని కడతారు, మేనేజ్‌మెంట్ ఆఫీసులు కొంటాయి. పరిశుద్ధవాదులు అసహ్యించుకునేది ఇలాంటి చోటునే. కానీ ఈ సంగీతంలో చాలా దశాబ్దాలుగా లేనిదొకటి అక్కడి నుంచే వచ్చింది. 2016లో ‘ఇన్‌ఫియెల్’ మోగినప్పుడు, మోసం చేసిన మగవాణ్ణి నిలదీసి బయటికి గెంటే ఆడగొంతు ప్రతి వీధిలో వినిపించింది. ఇనెజీతా బరోసో, గల్వాన్ అక్కచెల్లెళ్లు, రాబెర్తా మిరాండా వంటి గొప్ప గాయనులు అంతకుముందూ ఉన్నారు. కానీ పాటలో ఆడది ఎక్కువగా వదిలివెళ్లిన నేరస్తురాలిగానో, తలుచుకుని ఏడ్చే జ్ఞాపకంగానో ఉండేది. మరీలియా, మాయారా–మరైజా, నయారా అజెవేదో ఆ కథను ఆమె వైపు నుంచి చెప్పారు. తాగి ఏడ్చే హక్కు, తప్పు చేసి ఒప్పుకునే హక్కు ఆడవాళ్లకు తెచ్చారు. 2021 నవంబరు 5న కచేరీకి వెళుతూ మినాస్ జెరాయిస్‌లో విమాన ప్రమాదంలో మరీలియా చనిపోయింది. వయసు 26. ఫ్యాక్టరీలాంటి వ్యవస్థలోంచే అంత నిజాయతీ పుట్టగలిగిందంటే, పాటను వాయిద్యాలతోనో, తయారయ్యే పద్ధతితోనో కొలవకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడొచ్చిన మార్పు వేరు. నాకు ఆందోళన కలిగించేది అదే. 1973లో ఏర్పడిన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా శాస్త్రజ్ఞులు సెరాదో మైదానాల ఆమ్ల నేలను సున్నంతో సరిచేసి సోయాకు పనికొచ్చేలా చేశారు. గొయాస్, మాటో గ్రోసో సోయా సముద్రాలయ్యాయి. నేడు ప్రపంచంలో సోయా ఎగుమతుల్లో బ్రెజిలే మొదటిది. ఆ సంపద పాటలోకీ వచ్చింది. దాన్ని ‘అగ్రోనేజో’ అంటున్నారు. 2003లో పుట్టిన అనా కస్తేలా 2022లో ‘పిపోకో’ పాటతో దూసుకొచ్చింది. ఫంక్ బీటు, కౌబాయ్ టోపీ, బూట్లు, పల్లె పిల్లననే గర్వం. ఆ గర్వాన్ని నేను తప్పుపట్టను. జేకా అని తిట్టించుకున్న వాళ్ల మనవరాళ్లకు తలెత్తుకు తిరిగే హక్కుంది. కానీ ఈ పాటల్లో ట్రాక్టర్, పికప్, కోత యంత్రం, ఎకరాలు కనిపిస్తాయి. వాటికి యజమాని కనిపిస్తాడు. ఆ యజమాని దగ్గర పనిచేసేవాడు కనిపించడు. 2017 వ్యవసాయ గణన ప్రకారం వెయ్యి హెక్టార్లు దాటిన కమతాలు నూటికి ఒకటి; సాగు కమతాల భూమిలో దాదాపు సగం ఆ ఒక్క శాతం కిందే ఉంది. గేటు తీసే పిల్లాడి పాట ఇప్పుడు గేటు వెనకున్నవాడి పాట అయింది. తొంభై ఏళ్ల చరిత్రలో అసలైన తెగతెంపు ఇదే.

ఇందులో డబ్బు పాత్ర ఉంది. పశువుల సంతలు, వ్యవసాయ ప్రదర్శనలు, రోడియోలే ఈ గాయకులకు ప్రధాన వేదికలు. 1956 నుంచి జరుగుతున్న బరేతోస్ రోడియో వాటిలో పెద్దది. దాని స్టేడియం గీసింది బ్రసీలియా నగర భవనాలకు రూపమిచ్చిన ఆస్కార్ నీమేయరే. చిన్న ఊళ్లలో ఊరి పండుగకు మున్సిపాలిటీయే గాయకుడికి పారితోషికం ఇస్తుంది. పేరున్న కళాకారుడైతే టెండరు అవసరం లేదని చట్టమే చెబుతుంది. 2022 మేలో మాటో గ్రోసోలోని సొరీసో అనే సోయా పట్టణంలో జె నేతో అనే గాయకుడు, తమకు ప్రభుత్వ సాంస్కృతిక రాయితీలు అక్కర్లేదనీ, తమకు డబ్బిచ్చేది జనమేననీ వేదిక మీద గొప్పగా ప్రకటించాడు. ఆ కచేరీకి డబ్బు కట్టింది మున్సిపాలిటీయేనని వెంటనే బయటపడింది. దాంతో దేశమంతటా లెక్కలు తీశారు. అమెజాన్ ప్రాంతంలోని రొరైమా రాష్ట్రంలో 8 వేల జనాభా ఉన్న సావో లూయిస్, గుస్తావో లీమా కచేరీకి 8 లక్షల బ్రెజిల్ రియాలు ఖరారు చేసుకుంది. మనిషికి వంద రియాలు. ప్రాసిక్యూటర్లు విచారణ మొదలుపెట్టారు.

సినిమాకో నాటకానికో పన్ను రాయితీ తీసుకున్నవాళ్లు ప్రతి ఖర్చుకూ రసీదు చూపాలి. ఈ కచేరీలకూ అదే పద్ధతి పెట్టడంలో అన్యాయమేమీ లేదు. ఏ ఊరు ఏ గాయకుడికి ఎంత ఇస్తోందో, ఏ పద్దులోంచి ఇస్తోందో కచేరీకి ముందే ఊళ్లో బోర్డు మీద పెట్టాలి. ఊరి ఆదాయాన్ని బట్టి దానికో హద్దు ఉండాలి. అందులో ఒక వాటా ఆ ఊరి జంట గాయకులకు, క్రిస్మస్ తర్వాత ఇంటింటికీ తిరిగి పాడే ఫోలియా బృందాలకు, వియోలా వాయించే పిల్లలకు కచ్చితంగా వెళ్లాలి. సావో పౌలో విశ్వవిద్యాలయంలో వియోలాకు డిగ్రీ కోర్సు ఉంది, ఎన్నో పట్టణాల్లో వియోలా వాద్యబృందాలున్నాయి. నేర్చుకున్నవాళ్లకు కొదవ లేదు, వాళ్లను ఎక్కించే వేదికకే కొదవ. చెరకు కోతకు, సోయా గోదాముల్లో పనికి వచ్చిన వలస కూలీలు ఇవాళ కూడా ఆ పట్టణాల శివార్లలోనే ఉన్నారు. వాళ్లలో పాట కట్టగలిగినవాడికి ఊరి పండుగలో మైకు అందితే చాలు, ఈ సంగీతం మళ్లీ ఎటు తిరుగుతుందో జనమే తేలుస్తారు.