అరణ్యమార్గంలో సర్పదర్శనం: బిడ్డకు నేర్పవలసినది

వేదాంత ప్రవచనాలలో రజ్జుసర్ప దృష్టాంతం వినని జిజ్ఞాసువు ఉండడు. మందాంధకారంలో త్రాటిని చూచి పామని భ్రమించుట, దీపం తెచ్చినంతనే ఆ భ్రాంతి తొలగుట. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో ఉపయోగించిన ఈ ఉపమానాన్ని అద్వైత సంప్రదాయం వేయి సంవత్సరాలకు పైగా పోషిస్తూ వచ్చింది. అయితే నల్లమల అడవిలో, నాగలూటి దాటిన తరువాత, ఎండుటాకుల నడుమ నిజంగానే పాము కనిపించినపుడు, ఏడేళ్ళ బిడ్డ చేయి పట్టుకొని నడుస్తున్న తండ్రికి ఈ దృష్టాంతం ఏమి చెబుతుంది? "అంతా మిథ్యయే కదా" అని కొందరు నవ్వుతూ అంటారు. అది శాస్త్రం కాదు, పరిహాసం. త్రాటియందు తోచిన సర్పం ప్రాతిభాసికం; పొదలో ఉన్న సర్పం వ్యావహారికం. వ్యవహారదశలో విషానికి విషశక్తి ఉన్నది, బిడ్డ దేహానికి దేహధర్మం ఉన్నది. ఆచార్యులు దీపం తెమ్మన్నారే గాని, కనులు మూసుకొని త్రొక్కమనలేదు.

మహాశివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుండి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి కాలినడకన వచ్చే భక్తులు అసంఖ్యాకులు. ఉగాదికి కన్నడదేశం నుండి వచ్చేవారు మరీ అధికం. అనేక కుటుంబాలు పిల్లలను కూడా వెంట తెచ్చుకుంటాయి; అది శ్లాఘనీయమే. మల్లన్న సన్నిధికి నడిచి చేరిన బిడ్డకు ఆ కొండ జీవితాంతం గుర్తుంటుంది. కాని ఆ త్రోవ పులులు తిరిగే రక్షితారణ్యం. శిశిరం ముగిసి రాళ్ళు వేడెక్కే ఆ దినాలలో సర్పసంచారం సహజం. అక్కడ యాత్రికుడే అతిథి, గృహస్థులు వేరు.

పాము కనబడిన క్షణంలో పెద్దలు చేసే పనులు సాధారణంగా రెండు విధాలు. ఒకరు కేక పెట్టి కఱ్ఱ అందుకుంటారు. మరొకరు "నాగేంద్రస్వామి దర్శనమిచ్చాడు, దణ్ణం పెట్టుకో నాన్నా" అని బిడ్డను ముందుకు నెట్టి, ఫోను తీసి ఛాయాచిత్రానికి సిద్ధమౌతారు. మొదటిది క్రౌర్యమని అందరికీ తెలుసు. రెండవది భక్తి వేషం వేసుకొని వస్తుంది కనుక దానిని ఎవ్వరూ ఆక్షేపించరు. నిజానికి బిడ్డకు అదే ఎక్కువ ప్రమాదకరం. మరునాడు తోటలో పడగ చూచి ఆ పిల్లవాడు దగ్గరకు పోతే తప్పెవరిది?

తైత్తిరీయ సంహితలోని సర్పమంత్రాలను పరిశీలించినవారికి ఒక విషయం స్పష్టమౌతుంది. భూమిపై, అంతరిక్షంలో, ద్యులోకంలో ఉన్న సర్పాలకు, గుంతలలో శయనించే సర్పాలకు సైతం ఋషి నమస్కరించాడు. వాటిని స్పృశించమనలేదు, సమీపించమనలేదు. వాటి చోటు వాటిదని అంగీకరించి, తన చోట తాను నిలిచి చేసిన నమస్కారమది. బిడ్డకు నేర్పవలసిన దణ్ణం అదే. ముందు నిశ్చలంగా నిలబడాలి. మెల్లగా నాలుగడుగులు వెనుకకు వేయాలి. పాము ఎటు పోతున్నదో చూస్తూ, దానికి త్రోవ విడవాలి. పాముకు బయటి చెవులు లేవు. నేలలోని కంపనాన్ని అది బాగా గ్రహిస్తుంది. కనుక కేకల కన్న, ముందుగా కఱ్ఱతో నేలను తట్టుతూ నడవడం మేలు. చీకటిలో చేతిదీపం లేకుండా అడుగు వేయరాదు. రాతిసందులలో చేయి పెట్టరాదు.

ఆదిపర్వంలోని రురుని కథ ఈ సందర్భంలో పిల్లలకు తప్పక చెప్పదగినది. నన్నయ భట్టారకుడు కూడా దానిని తెలుగు చేశాడు. ప్రమద్వర అనే కన్య చెలికత్తెలతో ఆడుకుంటూ, చూడక పామును త్రొక్కి, కాటుకు గురై మరణిస్తుంది. రురుడు తన ఆయుర్దాయంలో సగమిచ్చి ఆమెను బ్రతికించుకుంటాడు. అంతటితో ఆగక, కనబడిన పామునల్లా చంపుతూ తిరుగుతాడు. ఒకనాడు డుండుభమనే విషంలేని పాముపై దండమెత్తితే, అది మనుష్యభాషలో ప్రశ్నిస్తుంది: నీకు నేనేమి అపరాధం చేశాను? ఆ డుండుభం పూర్వం సహస్రపాదుడనే ముని. గడ్డితో పామును చేసి మిత్రుణ్ణి భయపెట్టిన పరిహాసానికి శాపం పొందినవాడు. పాము పేరు చెప్పి పిల్లలను బెదిరించి అన్నం తినిపించే పెద్దలు ఈ భాగాన్ని మరొకసారి చదువుకొనవలెను. జనమేజయుని సర్పయాగాన్ని ఆపిన ఆస్తీకుడు సైతం బాలుడే!

నేటికీ త్రోవలో దెబ్బలు తినేది ప్రాయికంగా డుండుభం వంటిదే. పొడవుగా కనబడే జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకలను తిని రైతుకు ఉపకరిస్తుంది. అయినా నాగుపామనుకొని దానిని చంపుతారు. రక్తపింజరి ఎండుటాకులలో కలిసిపోయి ఎవరి కంటా పడదు. ఏది ఏదో నిర్ణయించే నేర్పు యాత్రికునికి ఉండనక్కరలేదు. ప్రతి పామునూ విషసర్పమని భావించి దూరం పాటించడం, ప్రతి పామునూ నిరపరాధి అని భావించి చేయి దించడం, ఈ రెండూ ఒకే మనస్సులో ఇమడగలవు.

పాదరక్షల విషయం. శివదీక్షలో ఉన్న పెద్దలు చెప్పులు లేక నడవడం వారి నియమం. బిడ్డకు దీక్ష లేదు, వ్రతసంకల్పం లేదు. కాలిమడమలు కప్పే బూట్లు తొడిగి నడిపించి, ఆలయ ప్రాంగణం వద్ద విప్పిస్తే మల్లికార్జునునికి ఏ లోపమూ రాదు.

దురదృష్టవశాత్తు కాటు పడితే? మన దేశంలో 2000 నుండి 2019 వరకు సుమారు పన్నెండు లక్షలమంది పాముకాటుతో మరణించారని పరిశోధకుల అంచనా. వారిలో ఎందరో గ్రామీణులు, ఎందరో పిల్లలు. గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. కాలి పట్టీలు, కడియాలు వెంటనే తీసివేయాలి. వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. బిడ్డను నడిపించక, కాటుపడిన అవయవం కదలకుండా ఎత్తుకొని, విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కట్లపాము కాటు ఒక్కొక్కసారి నొప్పి కూడా కలిగించదు. నొప్పి లేదని జాగు చేయరాదు. గరుడమంత్రం తెలిసినవారు వాహనంలో కూర్చొని జపించవచ్చు. మంత్రం కోసం వాహనాన్ని ఆపడం మాత్రం మంత్రానికే అపచారం.

ఇక, క్షేమంగా కొండ చేరినవారు తరచు అడిగేది ఒకటుంది. త్రోవలో పాము ఎదురైంది, బిడ్డకు సర్పదోషమా, శాంతి చేయించాలా? దర్శనమాత్రం చేత దోషం రాదు. అడవిలో పాము కనబడడం గోశాలలో ఆవు కనబడడం వంటిదే. ఆ భయాన్ని ఆసరా చేసుకొని వేల రూపాయల హోమాలు నిర్ణయించేవారు ఉన్నారు. వారిది అర్చకత్వం కాదు. పెద్దలు ఆ పామును చంపి ఉంటే ప్రాయశ్చిత్తం పెద్దలది, చూస్తూ నిలిచిన బిడ్డది కాదు. ఏమీ జరగక వచ్చిన బిడ్డకు తీర్థమిచ్చి, అరికాళ్ళలో ముళ్ళు దిగాయేమో చూడమని తల్లితో చెప్పి, వరుసలో ముందుకు పంపితే చాలు.