పిల్లలు కెమెరా అడిగితే: కొత్త మిర్రర్‌లెస్సా, పాత డీఎస్‌ఎల్‌ఆరా?

— ఫిజికల్ సైన్స్ టీచర్, పుత్తూరు బ్రాంచ్



పేరెంట్స్ మీటింగులో మార్కులు, హోంవర్కు అన్నీ అయ్యాక, లేచి వెళ్ళబోతూ కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లోడు కెమెరా కావాలని ఒకటే పోరు పెడతా ఉండాడు మేడమ్, ఏది తీసిచ్చేది?" ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల ఇళ్ళలో ఈ మాట ఎక్కువ వినిపిస్తోంది. షాపుకెళ్తే మిర్రర్‌లెస్ తీసుకోమంటారు. తెలిసిన స్టూడియో అన్నను అడిగితే తన దగ్గరున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ తక్కువకు ఇస్తానంటాడు. ఈ రెంటి మధ్య తేల్చుకోలేక కొందరు ఈఎంఐ పెట్టేస్తారు, కొందరు అసలు వద్దంటారు. దీని మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేడా ఏమిటో చూద్దాం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనుక 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చిన కాంతిని అది పైకి మళ్ళిస్తే, అక్కడి అద్దాల మీద పడి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, కాంతి సెన్సర్ మీద పడుతుంది. ఆ "టక్" అనే చప్పుడులో ఎక్కువ భాగం అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో ఈ అద్దం ఉండదు. కాంతి ఎప్పుడూ సెన్సర్ మీదే పడుతుంది, మనం చూసేది చిన్న స్క్రీన్ మీది బొమ్మను. మొదటి మిర్రర్‌లెస్ కెమెరా, ప్యానసోనిక్ లూమిక్స్ జీ1, 2008లో వచ్చింది. 2020 నాటికి ప్రపంచంలో మిర్రర్‌లెస్‌ల సరఫరా డీఎస్‌ఎల్‌ఆర్‌లను దాటింది. కెనాన్, నికాన్, సోనీ మూడూ ఇప్పుడు కొత్త మోడళ్ళు అటువైపే తెస్తున్నాయి. కాబట్టి షాపువాళ్ళు చెప్పేది అబద్ధం కాదు.

మిర్రర్‌లెస్ ఎక్కడ మేలో కూడా ఒప్పుకోవాలి. కెనాన్ ఆర్50 లాంటి కెమెరా మనిషి కన్నును తానే వెతికి ఫోకస్ చేస్తుంది, మనిషి కదిలినా వదలదు. పాత కెనాన్ 1500డీకి ఫోకస్ పాయింట్లు 9 మాత్రమే, నికాన్ డీ3500కి 11. వీడియో తీసేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. ఫొటో చీకటిగా వస్తుందో తెల్లగా వస్తుందో నొక్కక ముందే కనిపిస్తుంది. చప్పుడు లేకుండా తీయొచ్చు. నేలపట్టులో గూడబాతులు ఎగిరేటప్పుడు తీయాలన్నా, తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు వేసుకుని పరుగెత్తేవాళ్ళను తీయాలన్నా ఇవన్నీ నిజంగా పనికొస్తాయి.

అయితే ఫొటో నాణ్యత మాటేమిటి? 1500డీ సెన్సర్ 24.1 మెగాపిక్సెల్. డీ3500ది 24.2. ఆర్50ది కూడా 24.2. మూడింటి సెన్సర్లూ ఇంచుమించు ఒకే సైజు. కైలాసకోన జలపాతాన్నో, నగరి కొండలనో పగటి వెలుగులో ఈ మూడింటితో తీసి పక్కపక్కన పెడితే, ఏది దేనితో తీసిందో చెప్పడం చాలా కష్టం. బ్యాటరీ విషయంలో పాతదే మెరుగు. నికాన్ లెక్క ప్రకారం డీ3500 ఒక్క ఛార్జింగ్‌తో 1,550 ఫొటోలు తీస్తుంది. చిన్న మిర్రర్‌లెస్‌లు చాలావరకు 300 నుంచి 400 దగ్గర ఆగిపోతాయి. రోజంతా బయట తిరగాలంటే రెండో బ్యాటరీ కొనాల్సిందే.

ఇక డబ్బు. పేరున్న కంపెనీ కొత్త మిర్రర్‌లెస్ కిట్ కావాలంటే అరలక్ష చేతిలో పెట్టుకుని వెళ్ళాలి, చాలాసార్లు అంతకంటే ఎక్కువే. టర్ముకింత అని స్కూలు ఫీజు కడుతున్న మీకు డబ్బు జాగ్రత్త గురించి టీచర్‌గా నేను చెప్పడం కొంచెం మొహమాటంగానే ఉంది. అయినా చెబుతాను. పద్నాలుగేళ్ళ పిల్లవాడి ఇష్టం ఆరు నెలలు నిలుస్తుందో లేదో తెలియనప్పుడు, పన్నెండు నెలల ఈఎంఐ పెట్టడం సరికాదు. పైగా కెమెరా ఖరీదైనదైతే ఇంట్లో జరిగేది మనకు తెలుసు. "జాగ్రత్త, పడేస్తావు" అని బీరువాలో పెట్టేస్తాం, పండక్కీ పెళ్ళికీ బయటికి తీస్తాం. వాడని కెమెరాతో ఎవరూ నేర్చుకోలేరు. పదిహేను వేలదైతే, పోతే పోయిందిలే అని పిల్లల చేతికి ఇవ్వగలం. వాళ్ళు దాన్ని మామిడి తోటకు, మరమగ్గాల షెడ్డుకు, నారాయణవనం గుడి దగ్గరికి తీసుకెళ్తారు. నేర్చుకునేది అక్కడే.

అందుకే నా అభిప్రాయం ఇది: నేర్చుకోవాలని కెమెరా అడిగే స్కూలు పిల్లలకు మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ చాలు. మిగిలే డబ్బులో కొంత పెట్టి ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొనండి. ఎందుకంటే, బాడీ కంటే లెన్స్ వల్లే ఫొటోలో పెద్ద మార్పు వస్తుంది. కెమెరాతో వచ్చే 18–55 లెన్స్‌ను 55 దగ్గర పెడితే దాని ద్వారం ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ఎఫ్/1.8 లెన్స్ దానికంటే సుమారు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ కాంతిని లోపలికి రానిస్తుంది. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురులో అమ్మమ్మ ముఖం తీసినప్పుడు ఈ తేడా పిల్లలకే తెలుస్తుంది. పదో తరగతి కాంతి పాఠంలో బోర్డు మీద గీసే వక్రీభవనం, నాభ్యంతరం అప్పుడు వాళ్ళ చేతిలో ఉంటాయి. నా సబ్జెక్టు కాబట్టి ఇంకో మాట. అద్దం లేవడం, కాంతి దారి మారడం కంటితో చూడగలిగే పరికరం సైన్సు నేర్చుకునే పిల్లలకు మంచి బొమ్మ లాంటిది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, "డీఎస్‌ఎల్‌ఆర్ కాలం అయిపోయింది కదా, కొన్నది వృథా కాదా?" బాడీ వరకు నిజమే, దానికి రేపు పెద్దగా ధర రాదు. లెన్స్ అలా కాదు. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ను ఒక అడాప్టర్‌తో కెనాన్ మిర్రర్‌లెస్‌కు తగిలిస్తే ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. నికాన్‌కూ అలాంటి అడాప్టర్ ఉంది, కానీ అన్ని పాత లెన్స్‌లకూ ఆటోఫోకస్ రాదు. డీ3500 బాడీలోనే ఫోకస్ మోటార్ లేదు కాబట్టి, నికాన్ కొనేవాళ్ళు మోటార్ ఉన్న లెన్సే చూసి తీసుకోవాలి. రెండోది, "ఫొటో ముందే కనిపించే మిర్రర్‌లెస్‌తో త్వరగా నేర్చుకుంటారు కదా?" ఇది మంచి ప్రశ్న. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కూడా లైవ్ వ్యూ బటన్ నొక్కితే వెనుక స్క్రీన్ మీద కనిపిస్తుంది, కాస్త నెమ్మదిగా. ఆ నెమ్మది నేర్చుకునేవాళ్ళకు నష్టం కాదని నేననుకుంటాను.

సెకండ్ హ్యాండ్‌లో మోసపోకుండా కొన్ని జాగ్రత్తలు. షటర్ కౌంట్ ఎంతో అడగండి. ఎంట్రీ లెవెల్ కెమెరాల షటర్ ఆయుష్షును సుమారు లక్ష క్లిక్కులుగా లెక్కేస్తారు. ఒక పెళ్ళికి రెండు వేల ఫొటోలు అనుకుంటే, యాభై పెళ్ళిళ్ళకే లక్ష అవుతుంది. అందుకే స్టూడియోలో బాగా వాడిన దానికంటే, ఎవరో ఇంట్లో సరదాగా కొని పక్కన పెట్టింది మేలు. లెన్స్‌ను టార్చిలైటు వెలుతురులో చూడండి. లోపల సాలెగూడులా తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, తీసుకోవద్దు. తెల్ల గోడను, నీలి ఆకాశాన్ని తీసి ఫొటోలో నల్ల మచ్చలున్నాయేమో చూడండి. ఫ్లాష్, కార్డు, ఛార్జర్ అక్కడే పరీక్షించండి. బిల్లు అడగండి. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

మిర్రర్‌లెస్ ఎవరికి కొనాలి? అప్పు లేకుండా కొనగలిగినవాళ్ళకు, వీడియో మీదే నిజమైన ఆసక్తి ఉన్న పిల్లలకు, ఇంటర్ తర్వాత విజువల్ కమ్యూనికేషన్ లాంటి కోర్సు చేయాలని తేల్చుకున్నవాళ్ళకు అది సరైనదే. అక్కడ పాతది కొంటే రెండోసారి ఖర్చవుతుంది. ఇన్‌స్టాలో పెట్టుకోవడానికే అయితే ఈ రెండూ అక్కర్లేదు, ఫోన్ చాలు.

ఇంకో విషయం. అబ్బాయి అడిగితే "ఏది తీసిచ్చేది" అంటాం. అమ్మాయి అడిగితే "నీకెందుకు కెమెరా, పెళ్ళిళ్ళకు తీస్తావా?" అంటాం. మన దేశపు తొలి మహిళా ఫొటోజర్నలిస్టుగా పేరు పొందిన హోమై వ్యారావాలా స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని తన కెమెరాతో చరిత్రకు అందించారు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. మీ అమ్మాయి అడిగినప్పుడు కూడా ముందు ఏ కెమెరా అనే ఆలోచించండి.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. రెండు నెలలు మీ ఫోన్‌తోనే రోజుకు ఒక్క ఫొటో తీయమనండి. సెల్ఫీలు వద్దు. ఆదివారం ఆ వారంలో తీసిన ఏడింటిలో ఏది బాగుంది, ఎందుకు బాగుందని పక్కన కూర్చుని అడగండి. రెండు నెలలూ ఆపకుండా తీస్తే ఆ ఇష్టం నిజమే, కెమెరా కొనండి. మధ్యలో మానేస్తే డబ్బు మిగిలింది, ఎవరినీ తిట్టాల్సిన పని లేదు.

చివరగా ఒక విన్నపం. మన ఊళ్ళో చాలా ఇళ్ళలో పదేళ్ళ కిందట కొన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు బీరువాల్లో ఉండిపోయాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే, ముందు దాన్నే మీ పిల్లలకు ఇచ్చి చూడండి. మీకు అక్కర్లేకపోతే సైన్సు ల్యాబ్‌కు ఇచ్చినా సంతోషం. రెండు మూడు కెమెరాలుంటే శనివారాల్లో పిల్లలు వంతులవారీగా వాడుకోవచ్చని మేనేజ్‌మెంట్‌ను అడగాలనుకుంటున్నాను. అప్పుడు కొనలేని ఇంటి పిల్లలకూ ఒకసారి వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూసే అవకాశం దొరుకుతుంది. మీ అభిప్రాయం డైరీలో రాసి పంపండి.