ఇంజన్ ఆగిన నిమిషంలో మన పొలాలే దిక్కు

నిడమనూరు మండల రైతులకు, కూలీలకు, యువకులకు విజ్ఞప్తి!

2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో విమానం కూలింది. హెలికాప్టరని మొదట ప్రచారమైంది. నాగార్జునసాగర్ నుంచి ఎగిరిన చిన్న శిక్షణ విమానమని తర్వాత తేలింది. ఒంటరిగా నడుపుతున్న యువతి చనిపోయింది. చదువుకోవడానికి మన వైపు వచ్చిన బిడ్డ! చప్పుడు విని ముందు పరుగెత్తింది పొలం పనుల్లో ఉన్నవాళ్లే.

ఇక హెలికాప్టర్ సంగతికొస్తే, గాలిలో ఇంజన్ ఆగితే అది రాయిలా పడిపోతుందనుకుంటాం. కాదు. పైలట్ ఒకటి రెండు సెకన్లలో రెక్కల వాలు తగ్గిస్తే, కింది నుంచి ఎదురొచ్చే గాలికి అవి తిరుగుతూనే ఉంటాయి. ఆ వేగాన్ని నేలకు దగ్గరయ్యాక వాడుకుని మెల్లగా దించవచ్చు. పైలట్లందరికీ ఇది నేర్పుతారు. కానీ వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటే చేతిలో నిమిషం కూడా ఉండదు. ఆలోపే చదునైన చోటు దొరకాలి, అడ్డంగా తీగ ఉండకూడదు. సాగర్ ఎడమ కాలువ కింద మన మళ్లు చదునే. వాటి మీదుగా సాగే కరెంటు తీగలు మాత్రం పైనుంచి దాదాపు కనపడవు.

2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ జాడ మరునాటి ఉదయం గానీ తెలియలేదు. అది అడవి. జనం మసలే పొలంలో అయితే సాయం నిమిషాల్లో అందుతుంది, ఏం చేయాలో తెలిస్తే.

అందుకే వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం చేయించండి: హైటెన్షన్ తీగలకు దూరం నుంచి కనిపించే రంగు గోళాలు తగిలించాలి. ఊరూరా కొందరికి అగ్నిమాపక శాఖ శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణలో నేర్పాల్సినవి ఇవి: ఇంధనం చిందిన చోట బీడీ వెలిగించకూడదు, తిరిగే రెక్కల దగ్గరికి, ముఖ్యంగా తోక వైపు వెళ్లకూడదు, తెగిన తీగ ఉంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు తీయించాలి, మనుషుల్ని కాపాడాక శకలాలను ముట్టుకోకూడదు. ఇవి తెలియక సాయానికి వెళ్లినవాళ్లే ప్రాణాల మీదికి తెచ్చుకోవచ్చు.

మరొకటీ అడగాలి. ప్రమాదాల దర్యాప్తు నివేదికలు ఇంగ్లీషులో వస్తాయి. ఏ ఊరి పొలంలో కూలితే ఆ ఊరి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. కారణం తెలుసుకునే హక్కు సాయానికి పరుగెత్తినవాళ్లకు లేదా? తీర్మానం ప్రతిని కలెక్టర్‌కు, విద్యుత్ శాఖకు, మన ఎమ్మెల్యేకు పంపించండి.