మందలింపు కాదు, వినే మనసు కావాలి

పురుగుమందు తాగిన మనిషి ప్రాణాపాయం తప్పి కళ్ళు తెరవగానే, "మా పరువు తీశావు" అని ఇంటివాళ్ళు మందలించడం వార్డులో ఎన్నోసార్లు చూశాము. నర్సులమై ఉండి మేమూ ఒక్కోసారి ఆ తప్పు చేశాము.

కౌన్సిలరు గారు అలా చేయరు. మంచం పక్కన కూర్చుని, ఏడిస్తే ఏడవనిస్తారు. "మళ్ళీ చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగుతారు. అలా అడిగితే ఆ ఆలోచన పెరగదు, గుండె భారం దిగుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి, శిక్ష వద్దు, వైద్యం అందించాలి అంటోంది. చట్టమే శిక్షించని వారిని మనం మాటలతో శిక్షించడం న్యాయమా?

కుటుంబ సభ్యులారా! ఇంటికి వెళ్ళాక కౌన్సెలింగ్ మాన్పించకండి. పురుగుమందు చేతికి అందనివ్వకండి. అవసరమైతే రాత్రయినా, పగలయినా 14416 టెలీ మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయండి. ముందు వినండి, తర్వాతే మాట్లాడండి.