మంచమునకు మర్యాద, మనిషికి వెలి

పారిసు నగరమున, సేను నదికి దక్షిణపుటొడ్డున, బోజార్ వీధిలో 13వ సంఖ్యగల భవనమొకటి కలదు. నేడది ‘లోతెల్’ అను పేరుతో ధనికులకు వసతినిచ్చు విలాసగృహము. 1900 సంవత్సరమున దాని పేరు ‘ఒతెల్ దాల్సాస్’. చేతిలో డబ్బు లేనివారు దిగు చౌకబస. ఆ యేట నవంబరు 30వ తేదీన ఐర్లండున జన్మించిన ఆంగ్లభాషా నాటకకర్త ఆస్కార్ వైల్డు అందు మరణించెను. ఇప్పుడచ్చటి 16వ గదికి అతని పేరు పెట్టి, గోడపై నెమళ్ళను చిత్రింపించి, అతడు తీర్పలేని బాకీకి సంబంధించిన లేఖలను సైతము అలంకారముగ వ్రేలాడదీసిరి. సాహిత్యాభిమానులు దూరదేశములనుండి వచ్చి, పెద్ద మొత్తము చెల్లించి, ఒక రాత్రి అందు నిద్రించి పోవుచున్నారు.

రచయితయెడ భక్తి చూపుట తప్పా యని కొందరడుగుదురు. తప్పు కాదు. కాని భక్తి యేదో బేరమేదో తెలిసికొనవలెను. వైల్డు ఆ గదికి విహారార్థము రాలేదు. 1895 ఆరంభమున లండనులో అతని నాటకములు రెండు ఏకకాలమున నడచుచుండెను. పురుషులతో సంబంధము నెరపెనను నేరమునకు ఆ యేడు మే నెలలో న్యాయస్థానమతనికి రెండేండ్ల కఠినశిక్ష విధించెను. అంతకుముందే నాటకశాలల ప్రకటనలనుండి అతని పేరు తొలగింపబడెను. పేరు తీసివేసి, నాటకమును మాత్రము కొన్నాళ్ళాడిరి. ఇంటి సామాను వేలమునకు పోయెను. 1897లో విడుదలయై మారుపేరుతో ఫ్రాన్సు చేరెను. 1898లో వెలువడిన అతని కారాగార కావ్యముపై తొలుత కర్తపేరు లేదు. అతని చెరగది సంఖ్య మాత్రమే యుండెను. ఏ పేరు పలుకుటకు లోకము సిగ్గుపడెనో, ఆ పేరునే నేడు పడకగదికి పెట్టి పైకము గడించుచున్నది. బ్రదికినన్నాళ్ళు తండ్రికి గంజినీళ్ళు పోయక, తద్దినమునకు గారెలు వండించు కొడుకును మనమేమందుము?

నాటి బస యజమాని దుప్వారియే యనువాడు సాహిత్యవేత్త కాడు. వైల్డు వేరొకచోట బాకీపడి విడిచివచ్చిన సామానును తన సొమ్ముతో విడిపించి తెచ్చెను. తనకును బాకీపడిన ఆ రోగిని వీధిలోనికి గెంటలేదు. అంత్యక్రియలకు ‘నా అద్దెదారునికి’ అను మాటలతో పూసలహారమర్పించెను. ఆ బాకీని పిమ్మట వైల్డు మిత్రుడు రాబర్టు రాస్ తీర్చెను. ఆ భవనమున వైల్డునకు జరిగిన నిజమైన గౌరవమది యొక్కటే. ప్రతిఫలము కోరనిది గనుకనే అది గౌరవము.

ఇది పారిసువారి సంగతి, మనకేల యందురా? వైల్డును శిక్షించిన సామ్రాజ్యమే మనకు 1860 నాటి శిక్షాస్మృతితో 377వ సెక్షను నిచ్చెను. ఇంగ్లండు 2017లో ఇట్టి శిక్షలు పొంది మరణించిన వేలాదిమందికి క్షమాభిక్ష ప్రకటించెను. మన సుప్రీంకోర్టు, వయోజనుల పరస్పరసమ్మతి గల సంబంధములు నేరము కావని 2018 సెప్టెంబరు 6వ తేదీన తీర్పు చెప్పెను. చట్టము మారినది, గృహము మారినదా? కుమారుని స్వభావము తెలిసిన దినముననే తలుపు మూయు తండ్రి, పెండ్లి చేసిన కుదురునని ఏ పాపమెరుగని కన్యను బలియిచ్చు తల్లి మన వీధులలో లేరా? వారే వైల్డు చమత్కారములకు చప్పట్లు కొట్టుదురు. వీలు చిక్కిన ఆ గదిలో ఒక రాత్రి పరుండి ఛాయాచిత్రములు తీసికొని వత్తురు.

వైల్డును గౌరవింపదలచినవారికి పారిసు ప్రయాణమక్కరలేదు. అతని గ్రంథములను చదువుడు. లోకము వెలివేసినవాడు మీ గడప ముందర నిలిచిననాడు, అద్దె యడుగక, కులగోత్రములడుగక, ఒక చాప పరచుడు. అది చేయలేనివారు 16వ గదిలో ఎన్ని రాత్రులు గడపినను, వారు కొనునది నిద్రయే గాని భక్తి కాదు.